అత్త తుపాకీకి కొత్త గొట్టం

వాన జోరుగా పడుతున్న ఒక పొద్దున మా మేనత్త తుపాకీని పాత లుంగీలో చుట్టుకుని యాంగోన్ నగరం పజుండౌంగ్‌లోని నా ఇనుము చెక్కే లేత్ షెడ్డుకు వచ్చింది. గొడుగు తుపాకీకి పట్టింది, తను మాత్రం నిలువునా తడిసిపోయింది. మూటను మిషన్ పక్క బల్ల మీద పెట్టి, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "ఒలే గుంటా, ఇది వంకరంటన్నారే," అంది.

నాకు నలభై దాటి చాలా రోజులైంది. అత్తకు మాత్రం ఇంకా గుంటనే.

"ఎవులన్నారు?" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరన్నారో తెలిస్తే ముందు వాళ్ళ సంగతి చూసి, తర్వాత తుపాకీ సంగతి చూద్దామనిపించింది.

అత్త స్టూలు మీద కూర్చుని చెప్పుకొచ్చింది. కాలువ అవతల తాకేటాలో ఒక పెగోడా వీధిలో ఏటా తడింజుట్ దీపాల పండగకు అత్త తుపాకీ కొట్టు పెడుతుంది. వెనక చెక్కకు గుచ్చిన రంగు బుడగలు, ముందు ఒక బల్ల, బల్ల మీద ఈ గాలి తుపాకీ. బుడగ పేలితే సబ్బో, కాఫీ పొట్లాలో, నూడుల్సో ఇస్తుంది. వరసలో ఒక్కటీ తప్పకుండా పేల్చిన మొనగాడికి ప్లాస్టిక్ బేసిను. మిగతా రోజుల్లో ఇంటి ముందు మూకుడు పెట్టి బజ్జీలు వేసి బతుకుతుంది గాని, నీ పనేమిటని ఎవరైనా అడిగితే తుపాకీ కొట్టు అనే చెబుతుంది. పోయినేడు పండగలో ఎంత గురి ఉన్నవాళ్ళు కూడా బుడగను తాకలేకపోయారట. ముసల్ది తుపాకీ వంచి పెట్టి జనాన్ని దోచుకుంటోందని ఒకరన్నారు. ఆ నోటా ఈ నోటా పడి ఆ మాట పండగ కమిటీ దాకా వెళ్ళింది. కమిటీ పెద్దాయన స్వయంగా అత్త ఇంటికి వచ్చాడు. ఈ ఏడు మొదటి సాయంత్రమే తానే వచ్చి కాల్చి చూస్తాననీ, తుపాకీ సరిగ్గా లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామనీ చెప్పాడు. చాలా మర్యాదగా చెప్పాడట. ఆ మర్యాదే అత్తను ఎక్కువ బాధపెట్టింది.

"తిట్టుంటే నేనూ తిట్టుందును," అంది. "టీ తాగి, నమస్కారం పెట్టి మరీ సెప్పినాడు."

పండగల్లో గురి ముల్లును వెంట్రుకవాసి పక్కకు నొక్కి పెట్టడం కొట్లవాళ్ళకు కొత్త కాదు. అత్త పక్క కొట్టువాడు ఆ పని చేస్తాడు, చేశానని నవ్వుతూ చెబుతాడు కూడా. అత్త ఎన్నడూ చేయలేదు. పేలిన ప్రతి బుడగకూ తనే చప్పట్లు కొట్టే మనిషి. కొట్టు కట్టేసే వేళకు అరలు ఖాళీ అయితే ఆ ఏడు పండగ బాగా జరిగిందని చెప్పుకునేది. అలాంటి ఆవిడ ఈ మాట పడటం నాకు గుండెల్లో గుచ్చుకుంది.

తుపాకీ అత్త మామగారిది. పోర్టులో బియ్యం బస్తాలు మోసిన మనిషి ఆయన. గోదాముల మీద వాలే పావురాలను కొట్టడానికి దాన్ని వాడేవాడు. సెలవు రోజుల్లో రేవు దాటి దలా పొలాల్లోకి పిట్టల వేటకు తీసుకెళ్ళేవాడట. ఇది పిల్లల ఆట వస్తువు కాదు, బరువైనది. గొట్టాన్ని మొదలు దగ్గర కిందికి విరిచినట్టు వంచితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. అక్కడ వేలి కొసంత సీసపు గుండు పెట్టి, గొట్టం మూసి, మీట నొక్కితే గాలి దెబ్బకు గుండు ఎగురుతుంది. ఇందులో మందూ లేదు, నిప్పూ లేదు.

నేను ముందు ముల్లు చూశాను. నిటారుగానే ఉంది. గొట్టాన్ని చదును పలక మీద దొర్లించాను. అది కూడా తిన్నగానే దొర్లింది. ఆ తర్వాత ఒక గుండును గొట్టంలో పెట్టి సన్నటి కడ్డీతో మెల్లగా తోశాను. మంచి గొట్టమైతే గుండు మొదటి నుంచి చివరి దాకా ఒకే పట్టున కదలాలి. ఇది మొదట్లోనే గరగరమని ఆగింది, గట్టిగా తోస్తే జర్రున జారింది, మళ్ళీ ఆగింది. లోపల గుండును తిప్పుతూ పంపే మెలి గాడులు ఉంటాయి. అవి అరిగి, తుప్పు తిని, ఒకచోట ఉండి ఒకచోట లేకుండా పోయాయి. అలాంటి గొట్టం గుండా పోయిన గుండు ఎటు పోతుందో దానికే తెలియదు.

"ఏటే, బాగవుతాదా?" అంది అత్త.

"గొట్టం మార్చాలి."

"కొత్త తుపాకీ కొనమంటావేటి?"

నేను ఆ మాట అనలేదు. కొనడానికి అత్త దగ్గర డబ్బు లేదు, ఉన్నా కొనదు. మామగారి వస్తువు పోయి కొత్తది వస్తే అది తన కొట్టే కాదని ఆవిడ లెక్క. "తుపాకీ ఇదే ఉంటాది, గొట్టం నేను సూస్తాను. నువ్వెల్లి బట్టలు మార్సుకో," అని పంపేశాను. చెప్పడమైతే గట్టిగా చెప్పాను గాని, అప్పటిదాకా నేను ఏ తుపాకీకీ గొట్టం మార్చలేదు. లేత్ మీద తిప్పి పడవల ఇరుసులు చెక్కాను, చెరకు రసం మిషన్ల రోలర్లు తిప్పాను, ఒకసారి గుడి గంటకు నాలుక చేశాను. నాన్న పోయాక ఈ మిషన్ అమ్మేయమని సలహా ఇచ్చినవాళ్ళంతా ఇప్పుడు అరిగిన సామాన్లు పట్టుకుని నా షెడ్డు ముందే నిలబడతారు. ఇనుము ఏదైనా ఇనుమే కదా అనుకున్నాను.

కొత్త గొట్టం యాంగోన్‌లో దొరకదు, దొరికినా మా అందుబాటులో ఉండదు. కాలువ ఒడ్డున పాత ఇనుము కొట్ల వెంట తిరిగాను. చివరికి ఒక కొట్లో సైకిలు చక్రాల కింద ఇంకో గాలి తుపాకీ కనిపించింది. దాని కట్టె విరిగిపోయింది, స్ప్రింగు లేదు, మీట లేదు. గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి చూశాను. లోపల గాడులు పూల రెక్కల్లా మెరుస్తూ తిరిగి ఉన్నాయి. నా మొహంలో ఆశ కనబడితే ధర పెరుగుతుందని పెదవి విరిచి పక్కన పడేశాను. ఆ కొట్టు ఆయన కూడా తక్కువవాడు కాదు, నేను పడేసిన దాన్ని తీసి దుమ్ము దులిపి ఎదురుగా పెట్టాడు. కాసేపు ఇద్దరం వాన గురించీ, కరెంటు గురించీ మాట్లాడుకున్నాం. ఆఖరికి ఆయన పెద్ద త్రాసుకు ఇరుసు తిప్పి ఇస్తాననీ, బదులుగా ఆ తుక్కు తుపాకీ ఇమ్మనీ బేరం కుదిరింది. ఇద్దరికీ మనమే గెలిచామనిపించింది.

మా వీధికి కరెంటు వచ్చే వేళలు ఏ రోజుకారోజు మారతాయి. వచ్చినప్పుడల్లా ముందు గిరాకీల పని, మిగిలితే అత్త పని. తుక్కు తుపాకీ నుంచి తీసిన గొట్టం మొదలు లావుగా ఉంది. అత్త తుపాకీలో గొట్టం ఇమిడే ఉక్కు దిమ్మ రంధ్రం చిన్నది. కాబట్టి గొట్టం మొదలును లేత్ మీద సన్నగా చెక్కాలి. ఇందులో ఏముంది, రోజూ చేసే పనే అనుకుని గొట్టాన్ని పట్టి తిప్పే చక్‌కు బిగించి, దాని బయటి పైభాగం వణకకుండా చూసుకుని, చెక్కి, దిమ్మలో దిగ్గొట్టాను. షెడ్డు పక్క సందులో అట్ట నిలబెట్టి, తుపాకీని వైసులో కదలకుండా బిగించి కాల్చాను. గుండ్లన్నీ ఒకేచోట పడ్డాయి, కాకపోతే పడాల్సిన చోటికి జానెడు ఎడమకు పడ్డాయి. గురి ముల్లు ఎంత జరిపినా అంత దూరం రాదు.

ఆ రోజు మిషన్‌ను తిట్టాను, కరెంటు వాళ్ళను తిట్టాను, తుక్కు కొట్టు ఆయన్ని తిట్టాను. టీ తాగాక బుర్ర పనిచేసింది. నేను పైభాగాన్ని చూసి నడిమి కుదిర్చాను. లోపలి రంధ్రం పైభాగానికి సరిగ్గా నడిమినే ఉంటుందని ఎవరు చెప్పారు? ఈ గొట్టంలో అది ఓ పక్కకు ఉంది. పైన చూడటానికి తిన్నగా కనిపిస్తున్నా, లోపల దారి వాలుగా పోతోంది. గుండుకు కావలసింది లోపలి దారే.

దిగ్గొట్టిన గొట్టాన్ని ఊడదీసి, చెడిపోయిన మొదలు మేర కోసేశాను. గొట్టం కాస్త పొట్టిదయింది గాని పని చెడలేదు. ఈసారి రంధ్రంలో బిగువుగా పట్టే సన్నటి కడ్డీ ఒకటి చేసి లోపలికి దూర్చి, దాని కొస బయటికి వదిలాను. నాలుగు దవడల చక్‌లో పెట్టి చేత్తో తిప్పుతూ ఆ కొస ఆడటం చూశాను. ఒక దవడ వదులు చేసి, ఎదుటి దవడ బిగించి, మళ్ళీ తిప్పి, మళ్ళీ చూసి, చివరికి గొట్టం పైభాగం గిరగిరా ఊగుతున్నా ఆ కొస మాత్రం కదలకుండా నిలబడేలా చేశాను. చూసేవాళ్ళకు మిషన్ పిచ్చెక్కినట్టు ఉంటుంది. టీ తెచ్చిన ఆవిడ, "ఏటక్కా, అలగ ఊగుతోంది?" అని దూరంగా జరిగింది. "అది ఊగితేనే లోపల తిన్నగా ఉంటాది," అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు, నాకు మాత్రం ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

వదులుగా చెక్కితే గొట్టం ఊడుతుంది, బిగువుగా చెక్కితే దూరదు. దూరకుండానే చెక్కాను. చేపల బజారు నుంచి ఐసు తెచ్చి గొట్టాన్ని అందులో పాతిపెట్టాను. ఉక్కు దిమ్మను బొగ్గుల కుంపటి మీద వేడి చేశాను. చల్లబడిన గొట్టం కుంచించుకుపోతుంది, వేడెక్కిన దిమ్మ విచ్చుకుంటుంది. రెండింటినీ చేర్చగానే టక్కున దిగింది. చల్లారాక ఏనుగును కట్టి లాగినా రాదు. రెండు రోజుల దాకా తుపాకీ చేపల కంపు కొట్టింది, అది వేరే సంగతి. గుండు బయటికి వచ్చే మూతి అంచును గుండ్రటి తల ఉన్న ఇత్తడి మేకుతో, వాల్వులు నూరే పేస్టు పెట్టి, చేత్తోనే నూరాను. అంచులో ఒక పక్క గోరంత నొక్కు ఉన్నా గుండు పక్కకు తన్నుతుంది.

మళ్ళీ సందులోకి వెళ్ళాను. కాల్చి, అట్ట దగ్గరికి వెళ్ళి చూశాను. చిల్లులన్నీ ఒకదాన్నొకటి కొరుక్కుని, చొక్కా గుండీ మూసేసేంత మేరలో ఉన్నాయి. ఆ అట్టను మడిచి జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. పడవ ఇరుసు కోసం వచ్చిన దలా ఆయనకు చూపించాను. ఆయన, "బాగుంది, నా ఇరుసు ఎప్పుడిస్తావు?" అన్నాడు.

కాల్చి చూసిన మర్నాడు, అసలు పాత గొట్టం ఎందుకు అంత పాడైందో చూడాలనిపించింది. గోదాముల దగ్గర ఎండా వానా తట్టుకున్న గొట్టం, ఇంట్లో గుడ్డ చుట్టి దాచితే కుళ్ళిపోవడమేమిటి? వైసులో బిగించి, రంపంతో నిలువునా రెండు చెక్కలుగా కోశాను. విడదీసి చూస్తే మొదలు వైపు లోపలంతా గట్టిపడిన పసుపు ముద్ద. దాని కింద నల్లగా గుంటలు పడి తుప్పు. గోరుతో గీకితే ఎర్రటి కుంకం పెచ్చులు రాలాయి.

నాకు చప్పున తెలిసిపోయింది. దసరాకు మేమంతా పనిముట్లకు పూజ చేస్తాం. నేను లేత్‌కు పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి, సాయంత్రానికి శుభ్రంగా తుడిచి నూనె రాస్తాను. ఇనుముతో బతికేవాళ్ళకు అది అలవాటు. అత్త మాత్రం తుడవదు. పసుపు తుడిస్తే అమ్మవారిని తుడిచినట్టేనంటుంది. అంతటితో ఆగదు. అన్ని పనిముట్లకూ పైన బొట్టు పెడితే చాలు గాని, తుపాకీకి నోరుంది కదా, నోరున్నదానికి నోట్లో పెట్టకుండా నైవేద్యం ఎలా అవుతుందంటుంది. పసుపు కుంకాలు కలిపిన నీళ్ళు ఉద్ధరిణెతో గొట్టం మూతిలో పోసి, మూల నిలబెట్టి, తెల్లారే దాకా ఎవరినీ ముట్టుకోనివ్వదు. పెళ్ళై ఆ ఇంటికి వెళ్ళిన ఏటి నుంచీ ఇదే వరస. అంటే తుపాకీని ఎవరూ వంచలేదు. తుపాకీ నీతిగా ఉండాలని మొక్కుకుంటూ అత్తే దాన్ని చంపుకుంది.

మొదట కోపం వచ్చింది. అరిచి చెప్పాలనిపించింది. తర్వాత వానలో తుపాకీకి గొడుగు పట్టిన మనిషి గుర్తొచ్చి ఆ కోపం దిగిపోయింది. ఆ నీళ్ళ వల్లే ఇదంతా జరిగిందని చెబితే ఆవిడ తట్టుకోలేదనుకున్నాను. గొట్టం చెక్కలను మిషన్ కింది తుక్కు డబ్బాలో పడేశాను.

కాని దసరా దగ్గర పడుతోంది. కొత్త గొట్టానికి కూడా నోరుంది. దీపాల పండగ దసరా వెళ్ళిన వారంలోపే వస్తుంది. అత్త ఉద్ధరిణె నుంచి తుపాకీని కాపాడే ఉపాయం ఏదో నేనే ఆలోచించాలి. ఇత్తడి ముక్క ఒకటి తీసుకుని, గొట్టం మూతిలో కచ్చితంగా కూర్చునే బిరడా తిప్పాను. పైన తామర మొగ్గలా చెక్కి, మొగ్గ నడిమిన నీళ్ళు నిలిచేలా చిన్న గుంట పెట్టాను. మెరుగు పెట్టాక బంగారంలా ఉంది. పని చిన్నదే గాని, నా చేతి పనుల్లో అంత ముద్దొచ్చినది ఇంకోటి లేదు.

దసరా పొద్దున అత్త పసుపు గిన్నెతో షెడ్డుకు వచ్చింది. నా లేత్‌కు బొట్లు పెట్టింది, సుత్తులకు పెట్టింది, నేను ఊడుస్తున్న చీపురుకు కూడా పెట్టింది. పువ్వుల కోసం నేను బయటికి వెళ్ళి వచ్చేసరికి తుపాకీ ముందు కూర్చుని ఉంది. బిరడాను వేలితో తడుముతోంది.

"ఇదేటే?"

"మూతికి అందం, అత్తా. తీర్థం అందులో పొయ్యి. మొగ్గ గదా, అమ్మోరికి ఇష్టం," అన్నాను. నా గొంతు నాకే అదోలా వినిపించింది.

అత్త నా మొహంలోకి చూసింది. ఏదో అడుగుతుందనుకున్నాను. అడగలేదు. ఉద్ధరిణెతో ఒక్క చుక్క మొగ్గలో వేసి, దణ్ణం పెట్టి లేచింది. సాయంత్రం నేను బిరడా తీసి తుపాకీని తుడుస్తుంటే అడ్డం చెప్పలేదు. పైగా తువ్వాలు తెచ్చి ఇచ్చింది. నా ఉపాయం అంత బాగా పారినందుకు లోలోపల పొంగిపోయాను.

పండగ మొదటి సాయంత్రం తాకేటా వీధంతా దీపాలే. పెగోడా మెట్ల నుంచి చివరి కొట్టు దాకా కొవ్వొత్తులు, కాగితపు దీపాలు, వేయించిన పిండివంటల వాసన. కమిటీ పందిట్లో మైకు చందాలిచ్చినవాళ్ళ పేర్లు ఆపకుండా చదువుతోంది. అత్త కొత్త తమేన్, అంటే బర్మా ఆడవాళ్ళ లుంగీ, కట్టుకుని, తలలో పువ్వులు పెట్టుకుని, అరల్లో సబ్బులు సర్దింది. నేను పక్కన నిలబడ్డాను. పోయినేటి మాట వీధికంతా తెలుసు. ఎవరూ కాల్చడానికి రాలేదు, కానీ చూడటానికి మాత్రం గుంపు కట్టారు.

కమిటీ పెద్దాయన వచ్చాడు. ఊలే, అంటే బాబాయ్ అన్నట్టు, అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. తుపాకీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్ళజోడు సర్దుకుని కాల్చాడు. గుండు చెక్కకు తగిలింది, బుడగలు నవ్వుతూ ఊగాయి. గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. మళ్ళీ కాల్చాడు, మళ్ళీ తప్పింది. ఆయన చేతులు వణకడం నాకు కనిపిస్తోంది, ఆ వణుకును తుపాకీ మీద వేస్తారేమోనని భయం.

"ఊలే, నేను కాల్చనా?" అన్నాను. నా గొంతు పెద్దదే, వీధి చివరికి వినబడి ఉంటుంది.

ఆయన తుపాకీ నా చేతికిచ్చాడు. "ఆ ఎర్రది," అని ఒక బుడగ చూపించాడు. ఎర్రది పేలింది. "పక్కన పచ్చది." పచ్చది పేలింది. ఆయన ఆగి, అన్నిటికంటే మూలన సగం గాలి దిగిపోయి నిమ్మకాయంత అయిన నీలం బుడగను చూపించాడు. ఊపిరి బిగబట్టి మీట నొక్కాను. అది కూడా పేలింది. గుంపులో ఎవరో ఈల వేశారు. నాకు నవ్వు ఆగలేదు. ఆ గొట్టం తిన్నగా ఉందని ప్రపంచంలో నాకొక్కదానికే తెలిసిన సంగతి ఇప్పుడు వీధిలో అందరికీ తెలిసింది.

ఊలే మొహం తేలికపడింది. ఆయన మంచివాడు, అత్తను పంపేయడం ఆయనకూ ఇష్టం లేదు. అందరికీ వినబడేలా బర్మా భాషలో, "తుపాకీ బంగారంలా ఉంది. అయితే పోయినేడు కాల్చినవాళ్ళే గురి రాక అబద్ధాలు చెప్పారన్నమాట," అన్నాడు. గుంపు నవ్వింది. అక్కడితో ఆ గండం గడిచిపోయినట్టే. అత్త తల ఊపితే చాలు.

అత్త తల ఊపలేదు. బల్ల ముందుకు వచ్చి, ఆవిడ కూడా బర్మా భాషలోనే, ఒక్కో మాటా నిదానంగా అంది: "లేదు. వాళ్ళు నిజమే చెప్పారు. పోయినేడు తుపాకీ వంకరగానే కాల్చింది. పాడు చేసింది నేను. మా పండగకు పూజ చేసి, ఏటా పసుపు నీళ్ళు దాని నోట్లో పోశాను. లోపల కుళ్ళిపోయింది. నాకు తెలియక చేశాను, కాని చేసింది నేనే."

గుంపు నవ్వు ఆగిపోయింది. ఊలే కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని అత్త వైపు తిరిగాడు. "మరి వాళ్ళు పోగొట్టుకున్నదాని మాటేమిటి?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

"రమ్మనండి," అంది అత్త. "పోయినేడు ఇక్కడ కాల్చినవాళ్ళు ఎవరైనా సరే, వచ్చి ఊరికే కాల్చుకోమనండి."

ఊలే పందిరి వైపు వెళ్ళాడు. కాసేపటికి చందాల పేర్లు ఆగి, మైకులో ఆయన గొంతే వినబడింది. తుపాకీ కొట్టు ఆవిడ అన్న మాటను ఒక్క ముక్క మార్చకుండా చెప్పాడు. ఇక చూడాలి. తాకేటాకు తాకేటా అంతా పోయినేడు మా కొట్లోనే కాల్చిందట! తల్లి చంకలో ఉన్న చంటివాడు కూడా పోయినేడు కాల్చాడని ఒకావిడ వాదించింది. అత్త ఎవరినీ కాదనలేదు. తుపాకీ విరిచి, గుండు పెట్టి అందించడం, పేలితే చప్పట్లు కొట్టడం, సబ్బు తీసి ఇవ్వడం, ఇదే పని. తుపాకీ ఒక్కసారీ ఎవరినీ మోసం చేయలేదు. తప్పిన వాళ్ళు తమ చేతులనే తిట్టుకున్నారు. జనం పలచబడే వేళకు అరల్లో ఒక్క కాఫీ పొట్లం కూడా లేదు, బేసిన్లు కూడా పోయాయి.

నేను ఇక ఆగలేకపోయాను. "ఎందుకు సెప్పినావత్తా? ఆయనే వదిలేసినాడు గదా! సోటు పోయుంటే? అయినా నీకెలగ తెలిసినాది?" అని మండిపడ్డాను.

అత్త బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటోంది. "దసరానాడు నువ్వు పువ్వులకెల్లినప్పుడు నీ తుక్కు డబ్బాకీ బొట్టెట్టబోయినాను. అందులో గొట్టం సూసినాను. పసుపు నాదే గదే, నాకు తెలీదేటి?" అంది. "నువ్వు సెప్పకపోతే నాకోసమనుకున్నాను. నేనూ సెప్పకపోతే అది ఎవులి కోసం? కాల్సినోల్లని దొంగల్ని సేసి ఆ సోట్లో ఎలగ కూకుంటానే?"

ఊలే మళ్ళీ ఇటు వచ్చాడు. ఖాళీ అరలు చూసి, అత్త వైపు తిరిగి, రేపు ఇంకాస్త ముందే కొట్టు తెరవమనీ, జనం ఎక్కువ వస్తారనీ చెప్పి వెళ్ళాడు. అత్త చోటు అత్తకే ఉంది.

నేను తిప్పిన గొట్టం చూసి నాకు ఎంత గర్వమో ఇంతకుముందే చెప్పాను. ఆ సాయంత్రం మాత్రం, వీధిలో వెళ్ళేవాళ్ళు కొట్టు వైపు చూసి ఈవిడెవరని అడుగుతుంటే, తుపాకీ సంగతే ఎత్తలేదు. మా మేనత్త అని చెప్పాను.